ఇరవై ఏడో నంబరు తూము

పాత రైలుకట్ట దగ్గర కంపెనీవాళ్ళు ఎర్రజెండాలు పాతిన రోజున నాగమల్లేశ్వరికి కోపం రాలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే సంతోషమే వేసింది.

ఎర్రబండ స్టేషను దగ్గర మీటర్‌గేజి లైను పీకేసి ముప్పయ్యేళ్ళయింది. పెద్దలైను వేసేటప్పుడు ఇక్కడున్న వంపు తీసేసి, మైలు అవతలగా పట్టాలను తిన్నగా గిద్దలూరు వైపు పట్టుకుపోయారు. ఇవతల మిగిలిందల్లా పైకప్పు ఎగిరిపోయిన గూడ్సు షెడ్డు, తలుపుల్లేని స్టేషను, నలభై ఎకరాల బీడు, ఆ బీడుకు పడమటి అంచున రెండు నిలువుల ఎత్తున సాగిపోయే మట్టికట్ట. అంతటా చిల్లకంప. అందులోకి జీవాల్ని తోలుకుపోతే సాయంత్రం సగంసేపు గొర్రెల గిట్టల్లో ముళ్ళు, సగంసేపు తన కాళ్ళలో ముళ్ళు తీసుకోవడమే పని.

కట్టకు పడమరగా, కొండ వైపు, నలభై గడపల కట్టకిందపల్లె ఉంది. నాగమల్లేశ్వరిది ఆ పల్లే. ఆమెకు నలభై ఆరేళ్ళు. ముప్పయ్యేడు గొర్రెలు, ఎకరన్నర కంది చేను, లింగయ్య అనే మొగుడు. లింగయ్య మెత్తని మనిషి. ఎవరైనా తన కాలు తొక్కితే అడ్డం పెట్టినందుకు తనే మన్నించమని అడిగే రకం. ఇంట్లో కోపమంతా ఆమె వాటాకే వచ్చిందని పల్లెలో నవ్వుకునేవాళ్ళు.

పాత స్టేషను ముందు షామియానా వేసి, కంపెనీ మేనేజరు శ్రీకాంత్ పల్లెవాళ్ళందరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించాడు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయన్నాడు. వాన పడితే కుండపోత, లేకపోతే రెండేళ్ళు చుక్క లేదన్నాడు. ఆ రెంటినీ తట్టుకునే పచ్చని వాడ కడతామన్నాడు. నీళ్ళు ఇంకే ఇటుకలు, ఇంటింటికీ సోలారు, దారి పొడవునా వేపచెట్లు, కానుగచెట్లు, పాత కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ళకు బాట, జీవాలకు నీళ్ళతొట్లు, మేతకు ఐదెకరాలు.

నాగమల్లేశ్వరికి ఆ బొమ్మలు నచ్చాయి. రెండేళ్ళుగా ట్యాంకరు నీళ్ళకు బిందెలు వరసలో పెట్టి బతుకుతున్న మనిషికి పచ్చని బొమ్మ చూపిస్తే నచ్చక ఏం చేస్తుంది? కానీ చివర్లో ఆమె లేచి నిలబడింది.

“సారూ, అంతా బాగుంది. కట్ట కింద తూములు ఏం చేస్తారు?”

శ్రీకాంత్‌కు అర్థం కాలేదు. పక్కనే నిలబడ్డ జోసెఫ్ అందుకున్నాడు. జోసెఫ్ పాత లైను మీద కీమేన్‌గా పనిచేసినవాడు. సుత్తి భుజాన వేసుకుని రోజుకు ఆరు మైళ్ళు పట్టాల వెంట నడిచి, వదులైన కీలు బిగించి, వానాకాలం ముందు తూముల్లో పూడిక తీయించినవాడు. డెబ్బై దాటాయి. ఇప్పటికీ మాట్లాడితే పట్టాల మీద సుత్తితో కొట్టినట్టే ఉంటుంది.

“ఇరవై నాలుగో నంబరు కాడి నుంచి ఇరవై తొమ్మిది దాకా ఆరు తూములున్నాయి సార్. కొండ మీద వాన పడిందంటే గంటలో వంక దిగుతాది. ఆ నీళ్ళు తూముల్లో నుంచి మీ బీడులోకి పోయి, ఆడ నుంచి గుండ్లకమ్మ ఏట్లో పడాల. అందులో ఇరవై ఏడో నంబరే పెద్దది. మనిషి వొంగకుండా నడిచిపోవచ్చు. అది మూస్తే ఈ కట్ట కట్ట కాదు, చెరువుకట్ట అయితాది. చెరువులో మా పల్లె ఉంటాది.”

“చాలా మంచి పాయింట్ అండీ. రాసుకుంటున్నాం,” అన్నాడు శ్రీకాంత్. నిజంగానే రాసుకున్నాడు. ఆ కాగితం మీద నాగమల్లేశ్వరి చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. తను చెప్పింది రాతలో పడిందని ఆమె ఒక్కొక్క అక్షరమే కూర్చుకుంటూ, పూర్తి పేరూ రాసింది. తర్వాత గొర్రెపిల్లను ఎత్తుకోమని చెప్పి ఫోటో తీశారు. పిల్ల గిలగిల్లాడుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వే ఫోటోలో పడింది.

పని మొదలైంది. జేసీబీలు కంపను వేళ్ళతో సహా పెకలించాయి. బాట పడింది, మొక్కలు పడ్డాయి, బీడులో ప్లాట్లకు హద్దుగా తెల్లరాళ్ళూ, మెరకన కొన్ని ఇళ్ళూ వరసగా లేచాయి. ఒకరోజు జీవాల్ని మేతకు తిప్పుకొస్తూ ఆమె ఇరవై ఏడో నంబరు దగ్గర ఆగిపోయింది. తూము బీడు వైపు నోరు సిమెంటు ఇటుకలతో మూసేసి ఉంది. కింద ఒక గొట్టం పెట్టారు. అందులో గొర్రెపిల్ల దూరుతుందేమో, తల్లి దూరదు.

సైటు ఇంజనీరు సంధ్యారాణి మార్కాపురం అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. నెత్తిన పచ్చ హెల్మెట్ పెట్టుకుని మండే ఎండలో కూలీలతో సమానంగా తిరిగేది. నాగమల్లేశ్వరి ఆమెను వెతుక్కుంటూ పోయింది.

“ఏంది పాపా ఇది? తూము మూసినారు?”

సంధ్యారాణి నేల చూపులు చూసింది. “ఇప్పటికి అంతే అక్కా. తర్వాత పెద్ద పైపు వేస్తారంట.”

“తర్వాతంటే వాన పడినాకనా?”

సంధ్యారాణి హెల్మెట్ సర్దుకుని కూలీల వైపు నడిచింది. నెల తిరిగేసరికి ఆ గోడకు నున్నగా పూత పూశారు. ఎక్కడి నుంచో బొమ్మలు వేసేవాళ్ళు వచ్చి, దాని మీద పచ్చిక బయలు వేశారు. అందులో గొర్రెల మంద, కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి. లింగయ్య పోయి చూసొచ్చాడు. “మన జీవాల్నే చూసి వేసినట్టుంది మే. ఎంత బాగుందో,” అన్నాడు. ఆమె ఆ పూట అతనికి కూడు పెట్టింది గానీ మాట పెట్టలేదు.

రెండేళ్ళ కరువు మీద కార్తీకంలో తుపాను వచ్చింది. నల్లమల మీద రాత్రంతా కురిసింది. తెల్లవారి వెలుగు వచ్చాక నాగమల్లేశ్వరి తలుపు తీసేసరికి గడప దగ్గర నీళ్ళున్నాయి. వంక పొంగితే హోరు వస్తుంది, వినపడుతుంది, మనిషి జాగ్రత్త పడతాడు. ఇవి అట్లా వచ్చిన నీళ్ళు కావు. చప్పుడు లేకుండా నిలబడి, నిలబడినచోటే లేస్తున్నాయి. ఆమె దొడ్డి దగ్గరికి పోయేలోపు మోకాళ్ళు మునిగాయి. రాతిగోడ దొడ్డి కట్టను ఆనుకుని పల్లంలో ఉంది. కంపతడిక లాగినా జీవాలు బయటికి రాలేదు. భయపడిన గొర్రెలు ఎప్పుడూ అంతే. ఒకదానిలో ఒకటి తల దూర్చుకుని మూలకు చేరాయి. ఆమె కొమ్ములు పట్టి, ఊలు పట్టి, చెవులు పట్టి ఈడ్చింది. లింగయ్య ఒక్కొక్కదాన్నీ భుజాన వేసుకుని కట్ట ఎక్కించాడు. ఇరవై ఆరు ఎక్కాయి. పదకొండు దొడ్డిలోనే ఉండిపోయాయి. వాటిలో నాలుగు చూడివి.

పక్కింటి రత్నమ్మ మట్టిగోడ కూలి, వడ్లబస్తాలూ మంచమూ నీళ్ళ మీద తిరుగుతున్నాయి. పల్లె పల్లెంతా కట్ట మీదికి ఎక్కి నిలబడింది. అప్పుడు నాగమల్లేశ్వరి అటు తిరిగి చూసింది.

కట్టకు ఒక పక్క తన ఇల్లు చూరుదాకా మునిగి ఉంది. ఇంకోపక్క పచ్చనివాడలో నీళ్ళు ఇంకే ఇటుకలు కడిగినట్టు మెరుస్తున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ రాలిన ఆకులు ఊడుస్తున్నాడు.

ఆమె ఏడవలేదు. చుట్టూ ఆడవాళ్ళంతా ఏడుస్తుంటే ఆమె పళ్ళు బిగించి ఆ చీపురునే చూస్తూ నిలబడింది. ఆ కోపం ఎలాంటిదో ఆమెకే కొత్త. ఇన్నాళ్ళూ ఆమె కోపం ఎండుగడ్డి మంటలాంటిది. భగ్గుమని లేచి, కూడు వండే లోపు ఆరిపోయేది. ఇది ఆరలేదు.

నీళ్ళు ఆ గొట్టంలో నుంచి మెల్లగా తీశాక, చచ్చిన జీవాల్ని గుంట తీసి పూడ్చిన రెండో రోజున పేపర్లో వచ్చింది. ‘తుపానుకు తలవంచని హరితవాడ. ఒక్క ఇంట్లోకీ చుక్క నీరు చేరలేదు.’ రత్నమ్మ కూతురు చదివి వినిపించింది. అదే రోజు బేస్తవారిపేట రోడ్డు మీద పెద్ద బోర్డు లేచింది. దాని మీద గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతున్న నాగమల్లేశ్వరి. కింద ఇంతెత్తు అక్షరాలు: ‘మా ఊరి మాట వింటూ, మా ఊరితో కలిసి.’

ఆ పిల్ల చచ్చిన పదకొండులో ఉంది.

ఆమె బోర్డు దగ్గర నుంచి ఇంటికి పోలేదు. నేరుగా కంపెనీ ఆఫీసుకు పోయింది. కాళ్ళకు బురద అట్లనే ఉంది. చల్లని గదిలో శ్రీకాంత్ లేచి కుర్చీ చూపించాడు.

“కూర్చోండమ్మా. జరిగింది విన్నాం. చాలా బాధగా ఉంది. ప్రకృతి ముందు మనమెంత చెప్పండి.”

“ప్రకృతా? ఆ ఇటుకలు ప్రకృతి పేర్చిందా సారూ? నీకు చెప్పినా. నీ ఎదర నిలబడి చెప్పినా. రాసుకున్నావు గూడా.”

“రాసుకున్నాం కాబట్టే అంటున్నాను.” అతను ఫైలు తీశాడు. గొంతు పెంచలేదు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది. “చూడండి, మీ సంతకమే. ‘పల్లె ప్రతినిధులతో సంప్రదించి, వారి సమ్మతి పొందడమైనది. నీటిపారుదలపై వారి సూచన స్వీకరించడమైనది.’ అన్నీ పద్ధతి ప్రకారమే చేశామమ్మా.”

“స్వీకరించి?”

“అంటే?”

“స్వీకరించి ఏం చేసినావు అంటున్నా. నేను వద్దు మొర్రో అన్నదాన్ని తీస్కపోయి ఒప్పుకున్నట్టు రాసినావే, నీ చెయ్యి ఎట్లాడింది సారూ?”

వాచ్‌మన్ లోపలికి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, ఆమె చూసిన చూపుకు వెనక్కి తీసుకున్నాడు.

బయట వేపమొక్కల దగ్గర సంధ్యారాణి ఆమెను ఆపింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “అక్కా, నేను గీసిన మొదటి డ్రాయింగులో ఆరు తూములూ ఉన్నాయి. ఆ నీళ్ళు నిలవడానికి పల్లంలో కుంట వదిలేశాను. అది వదిలితే పద్నాలుగు ప్లాట్లు పోతాయని తీయించేశారు. కొత్త డ్రాయింగు మీద నా చేతే సంతకం పెట్టించారు. శుక్రవారానికి ఇంకో వాయుగుండం ఉందంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.”

ఆ పిల్లను చూస్తే జాలి పడాలి. నాగమల్లేశ్వరి పడలేదు. “ఇదంతా నాకెందుకు చెప్తాండావు? నాకు తెలీదా నీళ్ళు యాడికి పోతాయో? చెప్పాల్సినోళ్ళకి చెప్పినావా?”

“ఉద్యోగం...”

“నాయి పదకొండు పోయినాయి. నీది ఒకటి.”

అని వచ్చేసింది.

బుధ, గురువారాలు ఆమె తిరగని ఆఫీసు లేదు. మండలాఫీసులో రెవెన్యూ స్థలం కాదన్నారు. ఇంకోచోట రైలుస్థలమే గానీ లీజుకిచ్చేశామన్నారు. మరోచోట అర్జీ తీసుకుని, నెంబరు వేసి, పదిహేను రోజుల్లో చూస్తామన్నారు. “వాయుగుండం శుక్రవారం వస్తాదంట సారూ, మీ పదిహేను రోజులు అయిందాక ఆగమని దానికి గూడా నెంబరు వేస్తారా?” అని అడిగింది. గుమాస్తా నవ్వాడు. ఆమె హాస్యమాడలేదు.

శుక్రవారం పొద్దున మబ్బు కొండ మీద కూర్చుని ఉంది. నాగమల్లేశ్వరి గడ్డపార తీసింది.

“మే, వద్దు. కేసు పెడతారు. మనం వాళ్ళతో పడలేం,” అని లింగయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఇప్పుడు పడుండేది ఏందయ్యా? ఇది పడటం కాదా?” చెయ్యి విదిలించుకుంది. “నువ్వు మిగిలిన జీవాల్ని మెరక మీదికి తోలు. అది నీకొచ్చిన పని. ఇది నా పని.”

జోసెఫ్ అప్పటికే కట్ట మీద ఉన్నాడు. పాత సమ్మెటకు కొత్త పిడి వేసి తెచ్చాడు. “అమ్మా నాగమల్లా, యాడంటే ఆడ కొట్టొద్దు. రాతి కమాను మనది, దాని జోలికి పోకూడదు. ఇటుక మాత్రమే వాళ్ళది. అతుకు కాడ కొట్టాల.” గోడ మీద బొమ్మలో గొర్రెలు నిండుగా మేస్తున్నాయి. కర్ర పట్టిన ఆడమనిషి కాళ్ళ దగ్గర ఒక గీత చూపించాడు. ఆమె గడ్డపార పోటు వేసింది. పచ్చిక బయలు పెచ్చులుగా రాలింది.

రత్నమ్మ పార తెచ్చింది. ఆమె వెనక ఇంకో తొమ్మిది మంది వచ్చారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. గోడ ముందు మొండికేసింది. జోసెఫ్ పది దెబ్బలు వేసి రొప్పుతూ కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. చినుకులు మొదలయ్యే వేళకు నాలుగిటుకలు ఊడాయి.

అప్పుడు శ్రీకాంత్ వచ్చాడు. వెంట ఇద్దరు వాచ్‌మన్లు, గొడుగు కింద ఒక కానిస్టేబులు.

“ఆపండి! ఇది కంపెనీ ఆస్తి. ఏం చేస్తున్నారో తెలుసా మీకు?”

ఎవరూ ఆగలేదు. వాచ్‌మన్ ఒకడు జోసెఫ్ చేతిలో సమ్మెట లాక్కోబోయాడు. ముసలాయన తూలి పడ్డాడు. నాగమల్లేశ్వరి గడ్డపార కింద పడేసి, తాము తీసిన కంతకు అడ్డంగా, గోడకు వీపు ఆనించి కూర్చుంది.

“ఇప్పుడు రాండి. నన్ను ఈడ్చి మూసుకోండి. ఆ యప్ప కాళ్ళు ఈ కట్ట మీద అరిగిపోయినాయి. ఆయన మీద చెయ్యేస్తారా? పదకొండు జీవాలు పోయినాయని బాధంట! నీ బాధ నా మొహమేసి రోడ్డు మీద నిలబెట్టినావు గదా. నా నవ్వు అమ్ముకుంటివి. నా సంతకం అమ్ముకుంటివి. ఇంకేం మిగిలింది సారూ, నా శవం గూడా వేస్తావా బోర్డు మీద?”

కానిస్టేబులు గొడుగును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. అతనిది పామూరు దిక్కు పల్లె, వానకూ వంకకూ కొత్తవాడు కాదు. “అమ్మా, లెయ్యమ్మా, మాట్లాడుకుందాం,” అంటున్నాడే గానీ దగ్గరికి రావడం లేదు.

సంధ్యారాణి కట్ట మీద నుంచి జారుతూ దిగింది. చంకలో కాగితపు చుట్ట ఉంది. తడవకుండా దాన్ని కానిస్టేబులు గొడుగు కిందే విప్పింది. గొంతు గట్టిగానే వచ్చింది.

“సార్, ఇది అనుమతి పొందిన డ్రాయింగు. ఇందులో ఈ తూము తెరిచి ఉంది. దీన్ని మూయడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. మూసిన డ్రాయింగు ఆఫీసులో తర్వాత తయారైంది. దాని మీద సంతకం నాది. తప్పు చేశాను. కేసు పెడితే ముందు నా పేరు రాసుకోండి.”

“సంధ్యా, నువ్విక రేపటి నుంచి రావక్కర్లేదు,” అన్నాడు శ్రీకాంత్.

“సరే సార్.”

నాగమల్లేశ్వరి ఆ పిల్లను ఒక క్షణం చూసింది. మెచ్చుకోలేదు. “ఆ చివర నిలబడు పాపా, ఇటుక మీద పడుతుంది,” అని మాత్రం అని, లేచి గడ్డపార అందుకుంది. కానిస్టేబులు శ్రీకాంత్‌ను పక్కకు తీసుకుపోయి, పై అధికారికి ఫోను చేస్తానన్నాడు. సిగ్నలు లేదన్నాడు. చాలాసేపు వెతికాడు.

మధ్యాహ్నానికి వంక దిగింది. ఈసారి హోరు వినపడింది. అందరూ కట్ట పైకెక్కారు. ఎర్రనీళ్ళు కట్టకు తగిలి, ఒక సుడి తిరిగి, దారి దొరికిన గొడ్డులాగా కమానులో దూరాయి. మిగిలిన ఇటుకల్ని అవే తోసుకుపోయాయి. అవతల తెల్లరాళ్ళ మధ్య పల్లం వెతుక్కుని, పద్నాలుగు ప్లాట్లలో గుండ్రంగా పరుచుకుని కుంటయ్యాయి. పల్లెలో ఆ రోజు నీళ్ళు పిక్కలు దాటలేదు.

రత్నమ్మ కేకలు పెట్టింది. జోసెఫ్ టవల్‌తో కళ్ళు ఒత్తుకున్నాడు. నాగమల్లేశ్వరికి సంతోషం రావాలి. రాలేదు. పదిరోజుల ముందు ఇదే పని చేసుంటే అన్న మాటే నెత్తిలో సుత్తిలా కొడుతూ ఉంది. తను కాగితాన్ని ఎందుకు నమ్మింది? గడ్డపార ఆ రోజూ ఇంట్లోనే ఉంది కదా.

కేసు పెట్టనే పెట్టారు. ఆస్తి ధ్వంసం కింద పన్నెండు మంది పేర్లు, మొదటిది నాగమల్లేశ్వరిది. గిద్దలూరు కోర్టుకు నెలకొకసారి పోయి, పిలిచేదాకా చెట్టు కింద కూర్చుని, వాయిదా చెప్పించుకుని వస్తున్నారు. సంధ్యారాణి ఉద్యోగం పోయింది. ఆమె పేరు సాక్షుల్లో ఉంది. వాయిదాలకు మార్కాపురం నుంచి బస్సెక్కి వస్తుంది, వచ్చి ఈ పన్నెండు మంది మధ్యే కూర్చుంటుంది. మొదటి రెండు వాయిదాలూ నాగమల్లేశ్వరి ఆమెతో మాట్లాడలేదు. మూడోసారి సద్దిమూట విప్పి, సగం రొట్టె ఆమె వైపు జరిపింది. జీవాల నష్టం మాత్రం ఏ పద్దులోకీ రాదని మండలాఫీసులో తేల్చారు.

వేసవిలో పై నుంచి విచారణ కమిటీ అంటూ ముగ్గురు అధికారులు తెల్లకారులో వచ్చారు. పచ్చనివాడలో టీలు తాగి, ఇరవై ఏడో నంబరు చూసి, ‘సహజ ప్రవాహం పునరుద్ధరించబడింది’ అని రాసుకుని కారెక్కబోయారు. నాగమల్లేశ్వరి కారు తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ఒకటి చూసినారు. ఇంకా ఐదున్నాయి. అందులో మూడింటికి ఇంకా గోడలున్నాయి. దిగండి.”

“ఫోటోలు పంపించమ్మా, చూస్తాం.”

“ఫోటోలు మీవాళ్ళు తీస్తారు, మేం చూసినాం. నడవండి సారూ. ఇంకో వానాకాలం వస్తాంది.”

పల్లె జనం అప్పటికే కారు చుట్టూ చేరారు. ముగ్గురూ మొహాలు చూసుకుని దిగారు. కట్ట మీద పొద్దెక్కింది. ఇరవై ఎనిమిది దగ్గర ఆ అధికారుల్లో పెద్దాయన చెమట తుడుచుకుని, మంచినీళ్ళున్నాయా అని అడిగాడు. జోసెఫ్ సీసా ఇచ్చాడు. ఆయన తాగి, ఈ రోజుకు ఇది చాలేమో అన్నాడు. నాగమల్లేశ్వరి వినిపించుకోలేదు. కర్ర చేతపట్టుకుని, ఇరవై తొమ్మిదో నంబరు వైపు నడుస్తూనే ఉంది. వాళ్ళు ఆమె వెనకే రావలసి వచ్చింది.